ఇరవై మంది స్నానాలకు ఒక చిన్న గ్యాస్ గీజరు

ఈ గీజరు కొనమనే చెబుతాను. పెట్టె మీది బొమ్మలో చూపినట్టు వాడమని మాత్రం చెప్పను. ఆ బొమ్మలో ఒక సిలిండరు, ఒక గీజరు, దాని పక్కన హాయిగా స్నానం చేస్తున్న ఒకే ఒక్క మనిషి ఉంటారు. ఒకరిద్దరికి ఆ అమరిక చాలు. పిల్లలు, వయసు మళ్లినవాళ్లు కలిపి ఇరవై మంది దాకా గుడారాల్లో ఉండే మా బృందం లాంటి వాటికి అది చాలదు. మంటకూ మనిషికీ మధ్యలో ఒక నీళ్ల పెట్టె ఉండాలి. ఆ పెట్టె చేర్చిన తరువాత ఈ చిన్న యంత్రం ఎంత పని చేయగలదో తెలిసి, నాకు దాని మీద గౌరవం పెరిగింది.

ముందు వస్తువు సంగతి. చేత్తో పట్టుకుని మోసుకెళ్లే గ్యాస్ గీజరు ఇది. దాదాపు ఒకే నమూనా ఎన్నో పేర్లతో అమ్ముడవుతోంది కాబట్టి పేరు కన్నా పక్కన అంటించిన వివరాల పలక చూడటం ముఖ్యం. నా దగ్గరున్నది నిమిషానికి 6 లీటర్లది, 12 కిలోవాట్ల బర్నరుది. పైన పిడి, కింద రెండు టార్చిలైటు బ్యాటరీల గూడు, ముందు రెండు గుండ్రని మీటలు ఉంటాయి. ఒక మీట గ్యాసుకు, ఇంకొకటి నీళ్లకు. నీళ్లు పారగానే చిటచిటమని నిప్పురవ్వ పుట్టి మంట అంటుకుంటుంది, నీళ్లు ఆగగానే ఆరిపోతుంది. గాలికి మంట ఆరితే గ్యాసు తనంతట తానే ఆగిపోతుంది. నీళ్లు మరీ వేడెక్కినా అంతే. ఈ రక్షణలు నా గీజరులో నమ్మకంగా పనిచేస్తున్నాయి. పనిచేస్తాయన్న మాట కాగితం మీద చదివి ఊరుకోకుండా, కొత్తగా కొన్న ప్రతివారూ పగటివేళ ఆరుబయట పెట్టి ఒక్కొక్కటీ పరీక్షించి చూసుకోవాలి.

"ఆరు లీటర్లు అన్నారు, నాలుగే వస్తున్నాయి" అని చాలామంది ఫిర్యాదు చేస్తుంటారు. ఇందులో తయారీదారుల తప్పు తక్కువే. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. నిమిషానికి 6 లీటర్లను 25 డిగ్రీలు పెంచాలంటే 10.5 కిలోవాట్లు అవసరం. 12 కిలోవాట్ల బర్నరు నుంచి నీటికి చేరేది దాదాపు అంతే, మిగతాది పై నుంచి వేడిగాలిగా పోతుంది. పలక మీది 6 లీటర్ల లెక్క వెనుక ఉన్నది ఈ 25 డిగ్రీలే. వాగు నీళ్లు 10 డిగ్రీల చల్లదనంతో ఉన్నాయనుకోండి, ఒంటికి 40 డిగ్రీలు కావాలి, అంటే 30 డిగ్రీలు పెంచాలి. అప్పుడు నిమిషానికి 5 లీటర్లే వస్తాయి. నీళ్లు 5 డిగ్రీల దగ్గర ఉంటే 4.3 లీటర్లు. ఎంత ఖరీదైన గీజరైనా ఇదే బర్నరుతో ఇంతకు మించి ఇవ్వలేదు. కాబట్టి కొనేముందు లీటర్లు చూడకండి, కిలోవాట్లు చూడండి. ఆ తరువాత మీరు వెళ్లే చోట నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో చూసుకుని లెక్క వేసుకోండి.

గీజరుతో పాటు ఇచ్చే సామాను గురించి మంచిగా చెప్పడానికి ఏమీ లేదు. షవరు తేలికపాటి ప్లాస్టిక్కుది, బొటనవేలితో ఆపే మీట గట్టిగా మూసుకోదు, చుక్కలు కారుతూనే ఉంటుంది. చుక్కలు కారితే గీజరుకు నీళ్లందించే పంపు మాటిమాటికీ కొట్టుకుంటుంది. నీళ్ల గొట్టం చలికి కర్రలా బిగుసుకుపోతుంది. వీటిని పక్కన పెట్టి మంచి రబ్బరు గొట్టం, ఇత్తడి జాయింట్లు, స్టీలు క్లాంపులు కొనుక్కోవడమే దారి. గ్యాస్ రెగ్యులేటరు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. గీజరు పలక మీద ఎన్ని మిల్లీబార్ల ఒత్తిడి రాసి ఉందో రెగ్యులేటరు మీద కూడా అదే ఉండాలి. ఎక్కువ ఒత్తిడి ఇచ్చే రెగ్యులేటరు బిగిస్తే మంట పసుపుపచ్చగా, పొడవుగా లేస్తుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పెరుగుతుంది. బిగించిన ప్రతిసారీ జాయింట్లకు సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయా అని చూడాలి.

ఇక అసలు చిక్కు. బొమ్మలో చూపినట్టు పంపు నుంచి గీజరుకు, గీజరు నుంచి నేరుగా షవరుకు కలిపారనుకోండి. స్నానం చేసేవారు సబ్బు రాసుకోవడానికి నీళ్లు ఆపుతారు. బయట మంట ఆరిపోతుంది కానీ లోపలి రాగి గొట్టాల వేడి ఆ పళంగా పోదు, అందులో నిలిచిన కాసిని నీళ్లనూ ఇంకా కాస్తుంది. మళ్లీ మీట తిప్పగానే మొదట ఆ మరిగిన నీళ్లు ఒంటి మీద పడతాయి. వాటి వెనుకే మంట అంటుకునేలోపు జారిపోయిన చన్నీళ్లు వస్తాయి. ఆ తరువాత కానీ గోరువెచ్చని నీళ్లు రావు. తెలిసిన పెద్దవాళ్లయితే షవరును పక్కకు పట్టుకుని కాసేపు ఆగుతారు. ఆరేళ్ల పిల్లకు, కళ్లల్లో సబ్బు పడి తడుముకుంటున్నవారికి అది ఎలా కుదురుతుంది? 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని సైతం 5 సెకన్లలో తీవ్రంగా కాల్చగలవు. పిల్లల చర్మం, వృద్ధుల చర్మం ఇంకా పలుచన. 49 డిగ్రీల దగ్గర అదే గాయానికి నిమిషాలు పడుతుంది, అంటే పక్కకు తప్పుకునే వ్యవధి ఉంటుంది. ఈ పదకొండు డిగ్రీల తేడాను మీట తిప్పే చేతి నేర్పుకు వదిలేయడం నాకు ఇష్టం లేదు.

రెండో చిక్కు పంపుది. ఈ పనికి అమ్మే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపుల్లో (రబ్బరు పొర ఊగుతూ నీళ్లను తోసేవి) ఒత్తిడి పెరిగితే ఆగిపోయే స్విచ్చు ఉంటుంది. షవరును సగం మూస్తే పంపు ఆగుతుంది, ఒత్తిడి తగ్గగానే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. పంపు ఆగినప్పుడల్లా మంట ఆరుతుంది. స్నానం చేసేవారికి ఒక వేడి, ఒక చలి, ఒక వేడి. దీన్ని గీజరు లోపమని రాసేవాళ్లను చూశాను. లోపం అమరికది.

ఈ రెండు చిక్కులకూ ఒకే మందు ఆ నీళ్ల పెట్టె. మేము వాడుతున్నది మూత గట్టిగా పడే 50 లీటర్ల ఐస్ బాక్సు. చలిని కాపాడే గోడలు వేడినీ కాపాడతాయి. వాగు నీళ్లు ముందు ఒక డ్రమ్ములో తేరతాయి. డ్రమ్ములోంచి డయాఫ్రమ్ పంపు నీళ్లు లాగి గీజరుకు ఇస్తుంది, గీజరు నుంచి గొట్టం ఐస్ బాక్సు మూతలోని రంధ్రంలోకి వదులుగా దిగుతుంది. ఈ చివర కుళాయి లేదు, వాల్వు లేదు. నీళ్లకు అడ్డేమీ లేదు కాబట్టి పంపు ఒకే వేగంతో నడుస్తుంది, మంట ఒకే ఎత్తున మండుతుంది. నీటి వేడి ఒకసారి సరిచేస్తే కదలకుండా నిలుస్తుంది. సుమారు పది నిమిషాల్లో పెట్టె నిండుతుంది. చాలా నమూనాల్లో 20 నిమిషాలకు గీజరు ఆగిపోయే గడియారం ఉంటుంది. నేరుగా స్నానం చేసేవారికి అది సబ్బు మధ్యలో చేసే ఇబ్బంది. పెట్టె నింపేటప్పుడు మాకు అది తగలదు.

పెట్టె లోపల నీళ్లలో మునిగి తిరిగే చిన్న పంపు ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి రెండు గొట్టాలు రెండు షవర్లకు పోతాయి. మూతకు గుచ్చిన థర్మామీటరు 42 డిగ్రీలు చూపాలి. గొట్టంలో ఒకటి రెండు డిగ్రీలు పోయి ఒంటిని చేరేసరికి 40 అవుతుంది. పిల్లల వంతు వచ్చినప్పుడు కొన్ని చెంబుల చన్నీళ్లు పోసి ఇంకో రెండు మూడు డిగ్రీలు దించుతాం. ఎక్కువైందనిపిస్తే దించడానికి, తక్కువైందనిపిస్తే పెంచడానికి పెట్టె దగ్గర వ్యవధి ఉంటుంది. మంట ఎంత మారినా మనిషికి తెలియదు. పెట్టె గోడకు పైన ఒక పొంగు రంధ్రం పెట్టి, దానికి గొట్టం తగిలించి డ్రమ్ములోకి వదిలితే నిండిన నీళ్లు నేలపాలు కావు. అయితే పెట్టెలో చల్లారిన నీళ్లను మళ్లీ గీజరులోకి పంపడం వద్దు. వెచ్చని నీళ్లు లోపలికి పోతే బయటికి వచ్చేవి మరిగిపోతాయి, వేడి మితిమీరి గీజరు ఆగిపోతుంది. పొంగు గొట్టంలోంచి సన్నటి ధార కన్నా ఎక్కువ రాకముందే పంపు ఆపాలి. అలాగే కాగే నీళ్లను ఐస్ బాక్సులో పోయకూడదు. లోపలి ప్లాస్టిక్కు వంకరపోతుంది.

ఇరవై మందికి లెక్క ఇలా కుదిరింది. సన్నటి జల్లు ఇచ్చే షవరుకు నిమిషానికి 2.5 లీటర్లు చాలు. ఒళ్లు తడుపుకోవడానికి, కడుక్కోవడానికి కలిపి మూడు నిమిషాలు నీళ్లు వదిలితే మనిషికి 7.5 లీటర్లు, అందరికీ కలిపి 150 లీటర్లు. రెండు షవర్లూ ఒకేసారి తెరిచి ఉన్నా నిమిషానికి 5 లీటర్లే ఖర్చు. గీజరు అదే వేగంతో నింపుతోంది కాబట్టి పెట్టె ఖాళీ కాదు. బట్టలు విప్పడం, సబ్బు, తుడుచుకోవడం అన్నీ కలిపి మనిషి తెర వెనుక ఆరు నిమిషాలు ఉన్నా గంటలో వరుస అయిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ వరుస చివర ఉన్నవారి మొహం. కాగుల్లో నీళ్లు కాచే రోజుల్లో చివరి వంతు ఎప్పుడూ మొహమాటస్తులది, పనులన్నీ ముగించుకుని వచ్చేవారిది, వారికి మిగిలేవి చల్లారిన నీళ్లు. ఇప్పుడు మొదటివారికి ఎంత వెచ్చనో చివరివారికీ అంతే. మా బృందంలో మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ శిబిరాల్లో స్నానం జోలికే వెళ్లకుండా తడిగుడ్డతో తుడుచుకునేవారు. స్నానాల తెర లోపల ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి, షవరును తాడుతో కిందికి దించాం. ఆవిడ తలంటుకున్నారు. ఈ సామానంతా మోయడం దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గ్యాసు ఖర్చు భయపడినంత ఉండదు. 7.5 లీటర్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి, వృథా అయ్యేది కూడా కలుపుకుంటే, దాదాపు 24 గ్రాములు. ఇరవై మందికి అర కిలో. చిక్కల్లా చలిలో సిలిండరుతోనే. పూర్తి మంట మీద ఈ గీజరు గంటకు కిలోకు కొంచెం తక్కువ గ్యాసు తాగుతుంది. ద్రవం ఆవిరిగా మారేటప్పుడు సిలిండరు నుంచే వేడిని లాగేసుకుంటుంది, బయట మంచు పొర కడుతుంది, ఒత్తిడి పడిపోయి మంట నీరసిస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ అయితే మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. చలి చోట్లకు ప్రొపేన్ ఎక్కువున్న గ్యాసు, కాస్త పెద్ద సిలిండరు తీసుకెళ్లడం మేలు. సిలిండరును ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. వేడి చేయాలని నిప్పు దగ్గరికి జరపడం ప్రాణాంతకం.

కరెంటు సంగతి తేలిక. రెండు పంపులూ కలిపి మొత్తం స్నానాలకు 5 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో నిలవుండే కరెంటు కొలత) లోపే తాగుతాయి. 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి చాలు. ప్రతి పంపు తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి, బ్యాటరీ తడి తగలని ఎత్తులో ఉండాలి. పంపు లేకుండా నీళ్ల డ్రమ్మును ఎత్తున పెడితే సరిపోదా అని అడుగుతారు. మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. మనిషి ఎత్తున కట్టినా 0.2 బార్ దాటదు, అందులోనూ గొట్టం కొంత తినేస్తుంది. ఆ కాస్త ఒత్తిడికి గీజరులోని నీళ్ల వాల్వు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. పంపు నీళ్లు పీల్చే చివర సన్నటి జల్లెడ తప్పనిసరి. ఒక్క ఇసుక రేణువు వాల్వులో ఇరుక్కున్నా పంపు ఒత్తిడి నిలవదు.

ఒక్క విషయంలో మాత్రం ఎంత కఠినంగా ఉన్నా తక్కువే. ఈ గీజరు గుడారంలోకి, స్నానాల తెర లోపలికి, పందిరి మూలకు, వాహనంలోకి రాకూడదు. వాన పడినా రాకూడదు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ చేసిన తొలి గ్యాస్ గీజరుకు పొగగొట్టం లేదు, మండిన వాయువులన్నీ స్నానాల గదిలోకే వచ్చేవి. ఇళ్లలోని గీజర్లకు తరువాత పొగగొట్టాలు వచ్చాయి. ఈ ప్రయాణపు గీజరుకు మాత్రం ఇప్పటికీ లేదు, దీనికి ఆరుబయలే పొగగొట్టం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. తల బరువెక్కడం, నిద్ర ముంచుకురావడం చలి వల్లేనని మనిషి అనుకునేలోపు స్పృహ పోతుంది. ఐస్ బాక్సు అమరికకు ఉన్న గొప్ప మేలు ఇక్కడ కూడా కనిపిస్తుంది. షవరు మీట మనిషి దగ్గర, మంట ఎక్కడో దూరాన. మాది స్నానాల తెరకు అయిదారు మీటర్ల అవతల, గాలి తెర వైపు వీచని పక్కన, ఇనుప స్టాండుకు తగిలించి ఉంటుంది. దాని దగ్గర ఎప్పుడూ ఒక పెద్దవారు కూర్చుంటారు. ఆ మనిషి లేకపోతే మంట లేదు.

ఇతర పద్ధతుల గురించి రెండు మాటలు. నల్లటి సౌర సంచీ ఎండ కాసే చోట ఇద్దరు ముగ్గురికి మంచిదే, గ్యాసు అక్కర్లేదు. 20 లీటర్ల సంచీ 20 కిలోల బరువు, గట్టి కొమ్మ కావాలి, మబ్బు పడితే చన్నీళ్లే. రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి మంటలో పెట్టి నీళ్లు పంపే పద్ధతిని నేను సిఫారసు చేయను. నీటి ప్రవాహం ఆగినా మంట ఆగదు. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. బయటి చివర మూసుకుపోతే గొట్టం పేలుతుంది, తెరిచి ఉంటే ఆవిరి ఒంటి మీదికి వస్తుంది. పిల్లలున్న చోట అసలే వద్దు.

వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది స్నానాల చోటు ఎంచుకునేటప్పుడే తేల్చుకోవాలి. వాగుకు, చెరువుకు కనీసం 60 మీటర్ల దూరంలో, నీళ్లు ఇంకిపోయే నేల చూసుకోవాలి. మట్టిలో కలిసిపోయే సబ్బు అని రాసి ఉన్నంత మాత్రాన అది నీళ్లలో కలిపే సబ్బు కాదు. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉండేది మట్టిలో. కాళ్ల కింద చెక్కపలకల జాలీ వేస్తే బురద కాదు, చివరివారు కూడా శుభ్రమైన పాదాలతో బయటికి వస్తారు.

స్నానాలయ్యాక పెట్టెలో గోరువెచ్చని నీళ్లు మిగిల్చి మర్నాడు వాడుకుందామనుకోవద్దు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీళ్లలో న్యుమోనియా తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. షవరు తుంపరతో పాటు అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఏ పూటకాపూట ఒంచేసి, మూత తెరిచి ఆరబెట్టాలి. గీజరులోని నీళ్లు కూడా కింది మర తిప్పి పూర్తిగా వదిలేయాలి. గడ్డ కట్టే చలిలో ఇది మరవకూడదు, మంచుగా మారిన నీళ్లు ఉబ్బి రాగి గొట్టాలను చీల్చేస్తాయి.

ఒకరిద్దరే వెళ్లేవారికి ఈ సరంజామా అనవసరం, సౌర సంచీయో కెటిల్లో కాచిన నీళ్లో చాలు. పదిమంది దాటితే మాత్రం నిస్సందేహంగా తీసుకోండి. కొనేటప్పుడు నీళ్ల వాల్వు లోపలి రబ్బరు పొర విడిగా దొరుకుతుందా అని అడగండి. వాడే కొద్దీ అరిగి చిల్లుపడేది అదే. చిల్లుపడితే నీళ్లు పారినా మంట అంటుకోదు, దాన్ని మార్చడానికి ఒక స్క్రూడ్రైవరు చాలు. విడిగా అమ్మని పేరు ఎంత చౌకగా వస్తున్నా వదిలేసి, అమ్మే పేరుది తీసుకుని, రెండు పొరలు అదనంగా గీజరు సంచీలోనే వేసి ఉంచుకోండి.